బాబాయి కట్టిన ఆఖరి గాలం

ఇవాళ సెలవు. పొద్దున్నే ఇక్కడ గల్ఫ్‌లో మా రూమ్ దగ్గరున్న మహబూలా సముద్రం ఒడ్డుకి చేపలకి వెళ్దామని సామాను తీస్తే, బాబాయి కట్టిన గాలం ఒక్కటే మిగిలుంది.

బాబాయంటే మా రూమ్‌లో ఉండే రాజోలు ఆయన. అహ్మదిలో కంపెనీ బస్సు నడిపేవాడు. కోడి ఈకని దారంతో గాలానికి చుట్టి, నాలికతో తడిపి, పళ్ళతో ముడి బిగించేవాడు. నీళ్ళలో వేస్తే అచ్చం చిన్న చేపలా ఆడేది. షాపులో కొందాం అంటే, "కొన్నదానికి చేప పడితే గొప్ప షాపోడిదిరా" అనేవాడు. పోయిన నెల డ్యూటీలోనే గుండె ఆగిపోయింది. పెట్టెలో ఇంటికి పంపించాం.

ఈ ఒక్కటీ సముద్రంలో పోతే ఇంకేం మిగలదు కదా! విప్పి చూస్తే ఎలా కట్టాడో తెలుస్తుంది, ఇక నేనే కట్టుకోవచ్చు అనుకున్నాను. బుద్ధి గడ్డి తిని విప్పేశాను. మళ్ళీ ఎంత చుట్టినా ఈక నిలవలేదు, జారిపోతూనే ఉంది.

మా రూమ్‌లోనే ఉండే కడప ఓబులేసు చూసి, "ఆయప్ప కట్టిన ముడి ఎందుకు ఇప్పితివి బ్బా?" అన్నాడు.

"నేర్చుకుందామని."

"ఇప్పితే ఇప్పేదే వస్తాది. కట్టేది యాడొస్తాది?"

చేపలకి వెళ్ళలేదు. దారం ఇంకా మంచం మీదే ఉంది, బాబాయి చుట్టిన వంకరలతో సహా. దాన్ని సాగదీయడానికి చేతులు రావట్లేదు.

గాలానికి ఈక కట్టడం వచ్చినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి. కొనుక్కోమని మాత్రం కామెంట్ పెట్టకండి. షాపులో దొరుకుతాయని నాకూ తెలుసు.