అక్షింతలు పడ్డ ఇంజను

ఆ రోజుల్లో నాకు రాని పని అంటూ ఏదీ ఉండేది కాదు. ఫోనులో ఓ వీడియో చూస్తే చాలు, వచ్చేసినట్టే. మేడ్చల్ దగ్గరి ఫ్యాక్టరీలో చేరి ఆర్నెల్లయింది (డబ్బాలకు మూతలు బిగించే మిషను దగ్గర డ్యూటీ, అందుకే నన్ను నేను ఇంజనీరనే అనుకునేవాణ్ణి). గౌడవెల్లిలో మా ఇంటి ముందు నాయిన ఫట్‌ఫటి, అంటే పాత మోటారుసైకిలు, ఉండేది, వయసులో నాకంటే పెద్దది. ఏటా దసరానాడు నాయిన దాని మీదే దేవరయాంజాల్ పోయి, వాళ్లక్కకు, అంటే మా మేనత్తకు, జమ్మి ఇచ్చి మొక్కి వచ్చేవాడు. ఆ ఏడు ఇంజను దగ్గుతోందని పండుగకు వారం ముందు నేను విప్పాను. నాయిన వద్దనలేదు. "పండుగకైతే అయితదా?" అన్నాడంతే. "పరేషాన్ గాకు నాయినా, మస్తుగ అయితది" అన్నాను.

విప్పడం ఎంత హాయి! ఇంజను పెట్టె కొబ్బరికాయలా రెండు చిప్పలవుతుంది. లోపలి సామానంతా కడిగి, ఎక్కడిదక్కడ పెట్టి, నవమినాడు చిప్పలను అరుగు మీద ఉంచి, అతికించే పేస్టు కోసం మేడ్చల్ పోయొచ్చాను. అంచులకు పేస్టు పూసి, రెండూ కలిపి బోల్టులు బిగించాను. ఒక్క బోల్టు కూడా మిగల్లేదు! నా అంతవాడు లేడనుకుంటూ కిక్కు రాడ్డు చేత్తో తిప్పితే సగంలో ఆగింది. లోపల కరకర.

"అవ్వా, గీ ఇంజన్ ఎవరన్న ముట్టిన్రా?" అని ఇంట్లో ఉన్న మా అమ్మకు కేకేశాను.

"ఎవలు ముడతరు బిడ్డా? ఇయ్యాల ఆయుధ పూజ గదా, నేనే పసుపు కుంకుమ వెట్టి అక్షింతలేసిన. లోపల సుత ఏసిన" అంది అవ్వ, నిండు భక్తితో. (పసుపు నాకు కనబడలేదా అంటే, కనబడింది. గ్రీజనుకున్నాను.)

అవ్వ మీద ఎగిరాను గానీ, కొంప ముంచింది గింజలు కాదు, నేనే. అప్పటికే పేస్టు పట్టేసింది. చెక్క సుత్తితో మెల్లగా తట్టి విడదీయాలట. వీడియోలో ఆ ముక్క రాగానే విసుగొచ్చి ముందుకు జరిపేశాను. స్క్రూడ్రైవరు సందులో దూర్చి ఒక్కటిచ్చాను. చిప్పలు విడిపోయాయి, అంచు మీద వేలెడంత గాటు పడింది. గింజలేరి మళ్లీ మూస్తే ఆ గాటులోంచి చమురు కారింది. పండుగనాడు పొద్దున్నే ఇంకోసారి విప్పి మూశాను. మళ్లీ కారింది. ఈ చేతులు నాకెందుకిచ్చావు దేవుడా అని అరుగు మీద కూలబడి ఏడ్చాను, ఇరవై రెండేళ్లవాణ్ణి.

నాయిన వచ్చి ఇంజన్ని చూశాడు, నన్ను చూశాడు. తిడితే బాగుండేది. "అంగి తొడుక్కో, పోదాం" అన్నాడు. సాయంత్రం షేరింగ్ ఆటోలో ఇరుక్కుని దేవరయాంజాల్ పోయాం. జమ్మి ఆకు నలగకుండా నాయిన దాన్ని దోసిట్లో పట్టుకుని కూర్చున్నాడు. అత్త ఇంటి గేటు వేసి ఉంది. నాలుగుసార్లు పిలిస్తే గానీ రాలేదు.

"ఫట్‌ఫటి సప్పుడు ఇనవడకపాయె తమ్ముడూ. ఈయేడు నువ్వు రావనుకోని గేటేసుకున్న" అంది, కళ్లొత్తుకుంటూ. "ఏమాయె, ఖరాబైందా?"

నాయిన జమ్మి ఆమె చేతిలో పెట్టి కాళ్లకు మొక్కాడు. "ఖరాబేంది అక్కా? మావోడే ఇంజనంత విప్పి మంచిగ జేస్తాండు. రెండు దినాలల్ల అయిపోతది" అన్నాడు.

నాయిన నోట అబద్ధం వినడం నాకు అదే మొదలు. ఆ రెండు దినాలు పూర్తి కావడానికి ఏడు నెలలు పట్టింది. ఆ స్క్రూడ్రైవరు వీరుణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వే వస్తుంది గానీ, ఆ సాయంత్రం మాత్రం అత్త ముఖం చూడకుండా గోళ్లలో మిగిలిన గ్రీజు గీక్కుంటూ కూర్చున్నాను.