మేడమ్‌గారాయన

అతనికీ ఒక పేరుంది, దాని వెనక పెద్ద చదువు తెలిపే అక్షరాలూ ఉన్నాయి. కానీ భూగర్భజల శాఖ ఆఫీసులో టీ తెచ్చే మనిషి దగ్గర్నుంచి డైరెక్టరు దాకా అందరికీ అతను 'మేడమ్‌గారాయన'. మొదట్లో చాటుగా అనేవారు. ఇప్పుడు ఆ మొహమాటం కూడా పోయింది.

ఆ మేడమ్ అతని భార్య. ఇద్దరూ ఒకే హోదాలో ఉద్యోగంలో చేరారు, అతను కాస్త ముందు; ఒకే జీపులో ఊళ్ళు తిరిగారు, బావుల్లోకి టేపు దించి నీటిమట్టాలు కొలుస్తూనే ప్రేమించుకున్నారు. బోరులోంచి వచ్చిన రాతిపొడి చూసి కింద ఏ పొర ఉందో చెప్పడం ఆమెకి నేర్పింది అతనే. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా చెబుతూనే ఉంటాడు. తర్వాత ప్రమోషన్లు వచ్చాయి. ఆమెకి వచ్చాయి. ఇంట్లో తనని 'ఏమండీ' అని పిలిచే మనిషిని, ఆఫీసు మెట్లెక్కగానే తను 'మేడమ్' అనాల్సి రావడం ఎంత మంటగా ఉంటుందో అతన్నే అడగాలి. భార్య పైకి రావడం అతనికి ఇష్టమే, పాపం. తనకన్నా ఒక మెట్టు కింద ఆగితే చాలంటాడు, అంతే.

ఆ ఏడు పట్టణంలో కుళాయిలు ఎండిపోతుంటే, కొత్త బోర్లు ఎక్కడ వేస్తే ఏళ్ళ తరబడి నీళ్ళందుతాయో తేల్చమని శాఖకి పని అప్పగించారు. సర్వే బాధ్యత ఆమెది. చుట్టుపక్కల బావుల మట్టాలన్నీ మ్యాపు మీదకి ఎక్కించి, తూర్పున గుట్టల అడుగు నేల మంచిదంది. పడమటి ఇసుక నేలే మేలని అతనన్నాడు. డైరెక్టరు మ్యాపు మీంచి తల కూడా ఎత్తకుండా, "మేడమ్ చెప్పారంటే ఆలోచించే చెప్తారండీ," అన్నాడు. అతనేదో ఆలోచించకుండా వాగినట్టు! ఆ పూట అతనికి ముద్ద దిగలేదు.

"రెండు చోట్లా పంపు పెట్టి చూద్దాం సార్," అని ఆమే సర్దిచెప్పింది. తూర్పు వైపు ఆమె చేయించిన పరీక్షలో మట్టం కాస్త దిగింది, ఫరవాలేదనిపించింది. పడమటి పరీక్ష అతనికి వదిలేసింది.

ఆ పరీక్షలో పెద్ద మాయేం లేదు. ఒక బోరులోంచి పొద్దస్తమానం నీళ్ళు తోడుతూ, పక్క బోరులో మట్టం ఎంత దిగుతోందో చూస్తూ ఉండాలి. ఎంత తక్కువ దిగితే అంత పుష్కలంగా నీళ్ళున్నట్టు. జాగ్రత్త ఒక్కటే. తోడిన నీళ్ళని పైపులతో దూరంగా తీసుకెళ్ళి వదలాలి. దగ్గర్లో వదిలితే అవి ఇంకి మళ్ళీ అదే బోరుకి చేరతాయి. కొత్తగా చేరినవాళ్ళకి మొదట చెప్పే పాఠమిది. ఆమెకి చెప్పింది కూడా అతనే.

ఆ రోజు స్టోరులో ఉన్న పైపులే వేసుకుని వెళ్ళాడు. మధ్యాహ్నం టేపు దించి చూస్తే మట్టం కదల్లేదు. కాసేపాగి చూసినా అంతే. అతని గుండె గంతేసింది. ఆ హుషారులో చేతులు వెనక్కి కట్టుకుని పైపు చివరిదాకా నడిచాడు. అక్కడ నీళ్ళు ధారగా ఒక గుంటలో పడుతున్నాయి. గుంట మాత్రం నిండట్లేదు. పడ్డ నీళ్ళు పడ్డట్టే ఇసుకలోకి మాయమైపోతున్నాయి. వెనక్కి తిరిగి చూస్తే బోరు పిలిస్తే పలికేంత దగ్గర్లో ఉంది.

సంగతేమిటో అతనికి వెంటనే అర్థమైంది. పంపు ఆపించి, ఇంకొన్ని పైపులు తెప్పించి, పరీక్ష మళ్ళీ మొదలుపెట్టాలి. కానీ 'మేడమ్ చెప్పారంటే' అన్న ఆ గొంతు చెవుల్లో గింగురుమంటోంది. వెళ్ళి కుర్చీలో కూర్చుని, వచ్చిన కొలతలు వచ్చినట్టే రాసుకున్నాడు.

సాయంత్రం ఇంట్లో గ్రాఫు చూసి ఆమె లేచి నిలబడింది. "ఏమండీ, ఇదేంటి, స్కేలు పెట్టి గీసినట్టుంది! ఎంత తోడినా తగ్గలేదా?"

"ఊఁ."

పైపులు దూరంగానే వేశారా అని ఆమె అడగలేదు. ఆ పాఠం చెప్పినవాణ్ణే ఎలా అడుగుతుంది?

"అయితే నేనే పొరపాటు పడ్డాను," అంది నవ్వుతూ. "మీరు మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు. రేపు మీటింగులో నేనే చెప్తాను, ఇది మా ఆయన చూపించిన చోటని."

ఎన్నేళ్ళుగానో ఆ మాటకి మొహం వాచి ఉన్నాడు. తీరా వినేసరికి ఒళ్ళు మండిపోయింది. ఓడిపోయి కూడా ఇంత హాయిగా ఎలా నవ్వుతోంది? తనైతే వారం పాటు మొహం మాడ్చుకుని తిరిగేవాడు. ఆఖరికి ఓడిపోవడం కూడా తనకన్నా బాగా వచ్చు ఈవిడకి!

మర్నాడు ఆమె అన్నంత పనీ చేసింది. తన మ్యాపు మడిచి పక్కన పెట్టి, అతని గ్రాఫుని అందరికీ చూపించింది. "శభాష్! బోర్లన్నీ పడమటే వేయిద్దాం," అంటూ డైరెక్టరు సంతకానికి పెన్ను తీశాడు. ఆ బోర్లు ఒక్క వేసవికైనా ఆగుతాయన్న నమ్మకం లేదని ఆ గదిలో తెలిసినవాడు అతనొక్కడే. లేచి నిలబడ్డాడు.

"ఆగండి సార్. పైపులు చాల్లేదు. తోడిన నీళ్ళే మళ్ళీ బోరులోకి పోయాయి. నిన్న మధ్యాహ్నమే చూశాను. చూసి కూడా ఊరుకున్నాను. ఆ గ్రాఫు చెల్లదు."

అతనికి తల కొట్టేసినట్టయింది. అయినా లోపల ఏ మూలో చిన్న గర్వం. తప్పైనా ఒప్పైనా, ఈ పని మాత్రం అచ్చంగా తనది.

విరుచుకుపడతాడనుకున్న డైరెక్టరు పెన్నుకి మూత పెట్టి నవ్వాడు. "పోన్లెండి, పరీక్ష మళ్ళీ చేద్దాం. ఇప్పటికైనా చెప్పారు. మేడమ్‌గారితో కాపురం చేస్తూ ఆ మాత్రం నిజాయితీ అబ్బకుండా ఉంటుందా!"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"నా దగ్గర అబ్బిందేం కాదు సార్," అంది. "ఆయన చోట నేనుంటే చెప్పేదాన్ని కాదు."

ఇన్నేళ్ళ కాపురంలో అతనికి అంతకన్నా గొప్ప మాట దక్కలేదు. పొంగిపోవాల్సిందే. కానీ ఆ మాట అంతమందిలో, గొంతైనా వణక్కుండా, అంత తేలిగ్గా ఎలా అనేసిందా అని అతనికి మళ్ళీ కడుపు రగిలిపోయింది.