బండి దగ్గర అనకూడని మాట

ఆ రోజు తెల్లవారకముందు నుంచీ వాన. ఇక్కడ ఛత్తీస్‌గఢ్‌లో, శ్రావణంలో వాన పట్టుకుంటే పొలాలన్నీ బురదై, పశువులు హైవే మీదికి వచ్చి కూర్చుంటాయి. తారు గట్టిగా, కాస్త వెచ్చగా ఉంటుంది కాబట్టి లారీ మీదికి వచ్చినా లేవవు. వాటి మధ్యనుంచి స్టాఫ్ వ్యాన్ తీసుకుని వెళ్తున్నాను. టాటీబంధ్‌లో ఎక్కినవాళ్ళు పద్నాలుగు మంది. వాళ్ళని ధర్సీవా దాటాక ఉన్న ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎనిమిదింటిలోపు దించడం నా పని. బీర్‌గావ్ దాటుతుండగా జేబులో ఫోను మోగింది. తియ్యలేదు. మళ్ళీ మోగింది. వెనక సీటులో ఉన్న ఫిట్టరు, ఇంటి నుంచేమో చూడండన్నాడు. గేటు దగ్గర అందరూ దిగాక బండి పక్కకు పెట్టి, చేతి బ్రేకు వేసి, అప్పుడు చూశాను. మా ఆవిడ ఆరుసార్లు చేసింది. మావయ్య పోయాడు. మొదటిసారి ఫోను మోగినప్పటికి ఇంకా ఊపిరి ఉందట.

నడుస్తున్న బండిలో ఫోను ముట్టుకోకూడదని నాకు నేర్పింది ఆయనే. ఆ సంగతి మా ఆవిడకీ తెలుసు. అయినా ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

మావయ్య అంటే మా ఆవిడ తండ్రి. శ్రీకాకుళం జిల్లా నుంచి పెళ్ళికాక ముందే ఇక్కడికి వచ్చి, ఉర్లాలోని ఫ్యాక్టరీల లారీలు తోలాడు. వయసు మీద పడ్డాక ఒక కంపెనీలో స్టాఫ్ బస్సుకి మారాడు. శవాన్ని చూడ్డానికి వచ్చిన తెలుగువాళ్ళు చాలామంది ఆయన్ని నెమ్మదస్తుడన్నారు. వాళ్ళంతా ఆయన బస్సులో సీట్లలో కూర్చుని వెళ్ళినవాళ్ళు. పక్కన కూర్చుని నేర్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. నెమ్మదిగా పోయింది బస్సు. ఆయన కాదు.

బస్సు నలభై దాటించేవాడు కాదు. ముందున్న బండికీ తనకీ మధ్య మూడు లారీలు పట్టేంత ఖాళీ వదిలేవాడు. ఆ ఖాళీలోకి ఒక ఆటో దూరేది. దాని వెనక రెండు బైకులు. ఆయన మళ్ళీ వెనక్కి తగ్గేవాడు. షిఫ్టుకి ఆలస్యమవుతోందని బస్సులో గొడవ. ప్రతివాడికీ ఇలా దారి ఇస్తూ పోతే మనం గేటుకి రిటైరయ్యే రోజుకి చేరతామని ఒకాయన అంటే అందరూ నవ్వారట. మావయ్య అద్దంలోకి చూసి, "సేరతావు గదా" అన్నాడు. ఆయన నోట్లోంచి ఊరడింపుగా వచ్చిన మాటలు ఇంతకు మించి ఉండేవి కావు.

నాది పాలకొండ దగ్గర పల్లెటూరు. ఇక్కడ రోలింగ్ మిల్లులో పని చేసేవాణ్ణి. పెళ్ళయిన రెండో ఏడు మా సెక్షను మూసేశారు. అద్దె ఇల్లు ఖాళీ చేసి, బీర్‌గావ్‌లో మావయ్య ఇంటి వెనక గదిలోకి చేరాం. అత్తవారింట్లో తిని పడుకునే మగవాడి బతుకు ఎలా ఉంటుందో విడమర్చి చెప్పక్కర్లేదు. ఆయన కంపెనీలోనే ఒక వ్యాన్‌కి డ్రైవరు కావాలి. ఆయన ఒక్కమాట చెబితే చాలు. నేను ఏజెంటు ద్వారా అప్పటికే లైసెన్సు తెప్పించుకున్నాను. స్టీరింగు ముట్టుకోకుండానే వచ్చింది. అది తీసుకెళ్ళి ఆయనకి చూపించాను. రెండు వైపులా తిప్పి చూసి, ఫొటో బాగుందన్నాడు. తన ఇనప పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు.

"నువ్వు తోలగలవని నాకు అనిపించిన్నాడు ఇస్తాను."

పదకొండు నెలలు ఆ లైసెన్సు ఆ పెట్టెలోనే ఉంది. అది చేతికి రానిదే ఉద్యోగం లేదు. ఉద్యోగం లేనిదే ఆ వెనక గది వదిలే దారి లేదు.

ఆదివారాలు కంపెనీ పాత జీపు తెచ్చేవాడు. మొదటి నెలంతా నన్ను స్టీరింగు దగ్గరికి రానివ్వలేదు. ఎడమ సీటులో కూర్చోబెట్టి తను తోలేవాడు. నా పనల్లా నోటితో చెప్పడం.

"ఎవుడు గుద్దుతాడో సెప్పు."

"ఆ స్కూటరు."

"ఇంకా?"

"ఇంకెవరూ లేరు."

"నిలబెట్టిన బస్సు కింద కాళ్ళు కనబడ్డం నేదేటి? ఆ కాళ్ళు ఇటే వస్తాయి. సచ్చావు."

నేను చూడనిది ఏదైనా ఉంటే "సచ్చావు" అనేవాడు. కోపంగా కాదు, వాతావరణం గురించి చెప్పినట్టు. బీర్‌గావ్ నుంచి టాటీబంధ్ దాకా వెళ్ళి వచ్చేసరికి ఒక ఆదివారం నన్ను తొమ్మిదిసార్లు చంపాడు. ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూ అత్తతో, "నీ అల్లుడు ఇవేళ తొమ్మిదిసార్లు సచ్చాడు, అన్నం పెట్టు" అన్నాడు. అత్త నవ్వింది. మా ఆవిడ కూడా నవ్వింది. నేను తినకుండా లేచిపోయాను.

ఆయన నేర్పినవి ఇప్పటికీ నా కాళ్ళలో, చేతుల్లో ఉన్నాయి. ఆటోవాడి మొహం చూడకు, ముందు చక్రం చూడు, వాడు ఎటు తిరుగుతాడో వాడికంటే ముందు చక్రానికి తెలుస్తుంది. ఆవు లేచేటప్పుడు వెనక కాళ్ళు ముందు లేపుతుంది, అది కనబడితే బ్రేకుకి టైముంది. ఇనప చుట్టలు మోసే ట్రైలరు మలుపు తిరుగుతుంటే దాని ఎడమ పక్క ఉండకు, దాని తోక ఎక్కడ పోతుందో ఆ డ్రైవరుకే తెలీదు. బూడిద డంపరు వెనక పోకు. ఎదురుగా రాంగ్‌సైడులో వచ్చేవాణ్ణి తిట్టకు, తిట్టే లోపల రెండోవాడు వస్తాడు. ఇవన్నీ కలిపి ఆయన ఒకే మాటగా చెప్పేవాడు: "రోడ్డు మీదికొచ్చిన ప్రతివోడూ నిన్ను సంపడానికే బయల్దేరాడనుకో. ఆడికా సంగతి తెలీదు, అంతే తేడా." ఈ రోడ్ల మీద ఇన్నేళ్ళు తిరిగాక, అందులో తప్పు పట్టడానికి నాకేమీ కనబడలేదు.

ఇంకొకటి ఉండేది. బండి దగ్గర "ఆగు" అనకూడదు. హిందీలో "రోకో" అనాలి. లేదంటే బండి రేకు మీద అరచేత్తో ఒక్క దెబ్బ వెయ్యాలి. ఇంట్లో పిల్లల్ని కూడా "ఉండు" అనేవాడే తప్ప ఆ మాట అనేవాడు కాదు. ఎందుకని అడిగితే చెప్పలేదు. ముసలాయన చాదస్తాల్లో ఇదొకటనుకున్నాను.

ఎనిమిదో నెలలో ఒక ఆదివారం ధర్సీవాలో జీపు పక్కన పెట్టి టీ తాగుతున్నాం. ఎదురుగా సందులోంచి ఒక లారీ మెల్లగా రోడ్డు మీదికి వస్తోంది. పుల్లల మోపు నెత్తిన పెట్టుకున్న ఒక ముసలమ్మ సరిగ్గా దాని ముక్కు కింద నుంచి దాటుతోంది. అంత ఎత్తు నుంచి డ్రైవరుకి ఆమె కనబడదు. నేను గ్లాసు వదిలేసి, చెయ్యెత్తి, "ఆగు, ఆగు" అని అరిచాను. లారీ ముందుకి కదిలింది. మావయ్య ఎప్పుడు లేచాడో, ఎప్పుడు రోడ్డు దాటాడో నాకు తెలీదు. లారీ తలుపు మీద అరచేత్తో ఒక్క దెబ్బ పడింది. లారీ నిలిచిపోయింది. ముసలమ్మ వెనక్కి కూడా చూడకుండా వెళ్ళిపోయింది. డ్రైవరు తల బయటికి పెట్టి, నా వైపు చూసి, "తహీ తో కహే హస్, ఆఘూ ఆఘూ" అన్నాడు. ఛత్తీస్‌గఢీలో ఆఘూ అంటే ముందుకి. నువ్వేగా ముందుకి రమ్మన్నావు అంటున్నాడు.

మావయ్య వెనక్కి వచ్చి అదే చేత్తో నా చెంప మీద కొట్టాడు. టీ దుకాణం దగ్గర పది మంది ఉన్నారు. కూతుర్నిచ్చిన అల్లుణ్ణి.

"బండి దగ్గర ఆ మాట అనొద్దన్నానా, నేదా?"

రెండు రోజులు ఆ ఇంట్లో తినలేదు. మా ఊరు వెళ్ళిపోదామని మా ఆవిడతో అన్నాను. వెళ్దాం, అక్కడ ఏం చేస్తావంది. ఆయన తప్పైందనలేదు. ఆ పై ఆదివారం ఎప్పటిలాగే ఆరింటికి గుమ్మం ముందు జీపు హారను మోగింది. వెళ్ళాను. లైసెన్సు ఆయన పెట్టెలో ఉంది మరి.

ఇంకో మూడు నెలలకి టాటీబంధ్‌లో, అక్కడ వంతెన లేని రోజుల్లో, ఆయన తోలుతుంటే ఎడమ నుంచి ఇనప పైపుల తోపుడు బండి వచ్చింది. "తోపుడు బండి" అన్నాను. ఆయన కాలు కదల్లేదు. ఇంకోసారి గట్టిగా అన్నాను. అప్పుడు బ్రేకు పడింది. ఒక పైపు కొస వచ్చి హెడ్‌లైటుకి తగిలి ఆగింది. తోపుడు బండివాడు తిడుతూ పోయాడు. మావయ్య జీపుని పక్కకి తీసి ఇంజను ఆపేశాడు.

"ఎప్పుడు సూసావు?"

"మలుపు దగ్గరే."

 దిగి, ముందు నుంచి తిరిగి వచ్చి, నా వైపు తలుపు తీశాడు. "జరుగు" అన్నాడు. ఇంటిదాకా నేనే తోలాను. దారంతా ఒక్కసారి కూడా "సచ్చావు" అనలేదు. ఆ రాత్రి అన్నం కంచం పక్కన లైసెన్సు ఉంది. కళ్ళలో పొరలని తరవాత డాక్టరు చెప్పాడు. డాక్టరు చెప్పకముందే ఆయన కంపెనీకి వెళ్ళి బస్సు తాళం చెవి ఇచ్చేశాడు. నా గురించి ఏం చెప్పాడో మేనేజరు నాకు నవ్వుతూ చెప్పాడు: ఇంతకంటే మంచోడు దొరికితే ఆణ్ణే పెట్టుకోండి, అందాకా ఈడు. నేను తోలగలనని ఆయనకి అనిపించిందో, వేరే దారి లేక ఇచ్చాడో నాకు తెలీదు. ఆ నెలాఖరుకి రెండు వీధుల అవతల ఇల్లు తీసుకున్నాం.

అప్పటి నుంచి నేను ఎవర్నీ గుద్దలేదు. నన్ను రెండుసార్లు గుద్దారు, రెండుసార్లూ వెనక నుంచి, నేను నిలబడి ఉండగా. బండిలో ఎవరికీ దెబ్బ తగల్లేదు. అది ఆయన వల్లే. ఆయన మీద నాకు ప్రేమ లేదు. ఈ రెండూ నిజమే కాబట్టి రెండూ రాస్తున్నాను.

మంచం పట్టాక ఒకసారి, మందు వేస్తూ, ఆ రోజు అంతమందిలో ఎందుకు కొట్టావని అడిగాను. ఆయన గోడవైపు తిరిగాడు. "ఆ ముసల్ది బతికింది గదా" అన్నాడు.

మావయ్య పోయిన పదకొండో రోజు భోజనాలు అవుతుండగా ఒక పెద్దాయన వచ్చాడు. పంచె, టైరు చెప్పులు, చేతిలో గొడుగు. ధర్సీవా అవతల పల్లె అన్నాడు. డ్రైవరు ఇల్లు ఇదేనా అని అడిగితే అవునని కుర్చీ వేశాను. వాకిట్లో వడ్డిస్తున్న అత్త ఆయన్ని చూసి, గరిటె పక్కన పెట్టి, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆయన ఛత్తీస్‌గఢీలో మెల్లగా చెప్పాడు. మావయ్య లారీలు తోలే రోజుల్లో ఈయనా డ్రైవరే. ఒక ఫ్యాక్టరీ యార్డులో ఈయన లారీని గోడకి దగ్గరగా పెడుతున్నాడు. మావయ్య కింద నిలబడి చూస్తున్నాడు. గోడకీ లారీకీ మధ్య ఒక లోడింగు కూలీ వంగి ఏదో తీస్తున్నాడు. మావయ్య అరిచాడు. ఆ అరుపులో ఈయనకి వినబడింది ఆఘూ. ముందుకి పోనిచ్చాడు. చనిపోయిన మనిషిది ఈయన ఊరే.

పోలీసు థానాలో మావయ్య ఆగమన్నానని రాయించాడు. అది అబద్ధం కాదు. ఏ భాషలో అన్నావని ఎవరూ అడగలేదు. మావయ్య చెప్పలేదు. ఈయన ఎనిమిది నెలలు జైల్లో ఉన్నాడు. మళ్ళీ బండి ఎక్కలేదు. ఊళ్ళో ఆ కూలీ ఇంటి ముందు నుంచే పొలం పనికి పోవాలి.

మావయ్య ఏటా దసరా వెళ్ళాక ఈయన ఇంటికి వెళ్ళేవాడట. అరుగు మీద అరగంట కూర్చుని లేచి వచ్చేసేవాడట. ఈ సంగతి నాకూ మా ఆవిడకీ తెలీదు. తప్పు ఒప్పుకున్నాడా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు.

"ఆ తెలుగు మాట తనే అన్నానని ఒక్కసారి తన నోటితో అంటాడని ఎదురుచూశాను. ఇంక అనడు కదా. అందుకే వచ్చాను, చూసి పోదామని."

నేను ధర్సీవాలో జరిగింది చెప్పాను. ముసలమ్మ, లారీ, నా అరుపు, చెంపదెబ్బ, అన్నీ. మా ఆవిడ నా వెనక నిలబడి వింది. ఆయన చివరిదాకా విని, ఆ ముసలమ్మది ఏ ఊరని అడిగాడు. తెలీదన్నాను. సరే అన్నట్టు తల ఊపాడు.

భోజనానికి లేవమంటే వద్దన్నాడు. వ్యాన్‌లో దింపుతానన్నా వద్దన్నాడు. మూడున్నరకి ధర్సీవా వైపు పోయే ఆటో ఎక్కి ఆయన వెళ్ళిపోయాడు. చుట్టాలు ఐదింటికల్లా వెళ్ళారు. అత్త తలుపు తీసుకుని బయటికి వచ్చింది ఆ తరవాతే.