ఆలస్యానికి శిక్ష

సౌదీలోని అభా కొండల మీద మొన్న వాన పడింది. కిటికీ తెరవగానే తడిసిన దుమ్ము వాసన గదంతా నిండింది. చల్లదనం కోసం రియాద్ నుంచి వచ్చేవాళ్ళు ఆ వాసనకు మురిసిపోతారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఖాదర్ సార్ గుర్తొస్తారు.

ఆయనది కర్నూలు. చరిత్రలో ఎమ్మే చేసి, లెక్చరర్ ఉద్యోగం దొరక్క ఇక్కడ రోడ్ల కంపెనీలో టైమ్‌కీపరుగా చేరారు. నేను ఆయన కింద గుమస్తాని. పాత చైనా చరిత్ర అంటే ఆయనకు ప్రాణం. శుక్రవారం మెస్సులో కూర్చుని, చిన్ రాజు ఆరు రాజ్యాలను ఎలా మింగాడో, దేశమంతటికీ ఒకే లిపి, ఒకే తూకం ఎలా తెచ్చాడో చెప్పేవారు. "పాలకుడంటే అట్లా ఉండాలి సార్," అన్నానొకసారి.

"పూర్తిగా విను అబ్బయ్యా. అంతటి రాజ్యం పదహైదేండ్లకే కూలిపాయ. సరిహద్దు కాపలాకు పోతాండే పల్లెటూరోళ్ళు వానకు దావలో చిక్కుకున్నారు. ఆలస్యమైతే తల తీస్తారని చట్టం. పోయినా చావే, తిరగబడినా చావే. తిరగబడినారు. వానను లెక్కలోకి తీసుకోనిది చట్టమే కాదప్పా."

ఆ మరుసటి ఏడు ఘాట్ రోడ్డు మీద కొండచరియ విరిగిపడి, మా లేబర్ బస్సు మూడు గంటలు ఆలస్యంగా సైటుకు చేరింది. ఆ పొద్దునే తనిఖీకి వచ్చిన పెద్దలు ఖాళీ సైటు చూసి వెళ్ళిపోయారు. మేనేజరుకు ఎవరో ఒకరు బలి కావాలి. డ్రైవర్ యాదయ్య నిర్లక్ష్యమని రిపోర్టు రాయమని ఖాదర్ సార్‌తో అన్నాడు. దాంతో అతనికి ఎగ్జిట్ కొట్టి, ఉద్యోగం తీసేసి ఇండియాకు పంపేయొచ్చు. రాళ్ళు పడుతుంటే బస్సును వెనక్కి నడిపి నలభై మందిని కాపాడినవాడు యాదయ్య!

"దావ మూసింది వాన సార్. ఎగ్జిట్ కొట్టాలంటే వానకు కొట్టండి," అన్నారు ఖాదర్ సార్.

మేనేజరు కాగితాన్ని నా ముందుకు నెట్టాడు. "నువ్వు రాయి."

రాశాను. సంతకం కూడా పెట్టాను. ఆ వారమే నా ఇకామా రెన్యువల్; అది లేకపోతే ఈ దేశంలో ఉండనివ్వరు. యాదయ్యకూ, ఎదురు మాట్లాడినందుకు ఖాదర్ సార్‌కూ ఎగ్జిట్ పడింది. "నేనేం తప్పు జేసిన అన్నా?" అని యాదయ్య నన్నే అడిగాడు.

పెట్టె సర్దుకుంటున్న ఖాదర్ సార్ దగ్గరికి వెళ్ళి, "నేను రాయకపోతే ఇంకెవరో రాసేవాళ్ళు సార్," అన్నాను.

ఆయన తలెత్తలేదు. "ఆ చిన్ రాజు సొంత చేత్తో ఎన్ని తలలు నరికింటాడప్పా? నరికినోళ్ళందరూ ఈ మాటే అనుకోనింటారు."

ఇప్పుడు ఖాదర్ సార్ ఉద్యోగం నాది. తర్వాత రెండుసార్లు అలాంటి రిపోర్టు రాయమన్నారు. రాయనన్నాను. రెండుసార్లూ అదే మేనేజరు గొణిగి ఊరుకున్నాడు. అంతే! ఆ రోజు ఖాదర్ సార్‌తో పాటు నేనూ కాదని ఉంటే, అప్పుడూ ఇంతే అయ్యేదేమో. ఈ వాన వాసన రాగానే ఆ మేనేజరును తిట్టుకోవడం మొదలుపెడతాను. ఎప్పుడూ నన్ను నేనే తిట్టుకుంటూ ఆగుతాను.