మా ఫోన్లలో మొదటి స్థానం

మా ఆయనకు తన బీపీ ఎంతో తెలియదు. వెబ్‌సైటు స్కోరు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. వందకు పదిహేను ఉన్నప్పుడు అన్నం సహించలేదు. ముప్ఫై దాటిన రోజు ఘారీ మిఠాయి పెట్టె తెచ్చాడు. పెళ్ళయ్యాక నా కోసం ఏనాడూ తీపి తెచ్చిన మనిషి కాదు కాబట్టి ఆ పెట్టె రంగు కూడా నాకింకా గుర్తుంది.

అప్పట్లో సూరత్‌లో మాకు సొంతంగా నాలుగు సాంచాలు ఉండేవి. ఏళ్ళ తరబడి ఇంకొకరి మరమగ్గాలు నడిపి, చివరికి కొనుక్కున్నవి. వాటి మీద జరీ అంచు చీరలు నేసేవాళ్ళం. దారాలు కత్తిరించి మడత పెట్టడం నా పని. వాటిని అమ్మిపెట్టేది ఒక దలాల్, మా తెలంగాణ ముసలాయనే. కాకా అని పిలిచేవాళ్ళం. అక్కణ్ణుంచి సలాబత్‌పురా బజారుకు సరుకు కొనడానికి వచ్చే దుకాణదార్లందరికీ ఆయన చెప్పిందే మాట. ఆయన కమీషన్ ఆయన తీసుకునేవాడు. అదే మా ఆయనకు కడుపుమంట.

ఆ మంటకు మందు తెచ్చినట్టు ఒక వెబ్‌సైటు కుర్రాడు దొరికాడు. ఇస్త్రీ చొక్కా నలగకుండా మా షెడ్డులో నిలబడి, చీరల కోసం వెతికేవాళ్ళకు మన పేరు మొదట కనబడితే చాలు, దలాల్‌తో పనే లేదన్నాడు. మా పేరుతో సైటు చేసిపెట్టి, అది ఎంత ఎదిగిందో చెప్పే స్కోరు ఒకటి ఉందన్నాడు. ఎక్కువమంది వెతికి నొక్కితే సైటు పైకి వస్తుందని కూడా అన్నాడు. ఆ చివరి మాట ఎవరితో అంటున్నాడో అతనికి తెలియదు.

మా వాడకట్టులో ఒకరింట్లో పెళ్ళయితే వీధంతా కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తుంది. ఒకరు కొత్త సాంచా దింపితే వీధంతా భుజం పడుతుంది. మా ఆయన సంఘం వాట్సాప్ గ్రూపులో దండాల బొమ్మ పెట్టి, అందరూ రోజూ ఒకసారి సూరత్ జరీ చీరలని వెతికి మా సైటు మీద నొక్కమని వేడుకున్నాడు. ఇంకేముంది, ఆడవాళ్ళు దేవుడికి దీపం పెట్టి ఆ చేత్తోనే మా సైటు నొక్కారు. నల్లా దగ్గర పలకరింపు కూడా నొక్కినవా వదినా అనే అయింది. మొదట్లో ఎన్నో పేజీలు వెనక్కి పోతే గాని మేం దొరికేవాళ్ళం కాదు. కొన్నాళ్ళకు అందరి ఫోన్లలోనూ మొదటే రావడం మొదలైంది. మా ఆయన ఇల్లిల్లూ తిరిగి ప్రతి ఫోనూ చూసొచ్చాడు. అన్నింట్లోనూ మేమే మొదలు.

ఆ వారమే కాకా వచ్చాడు. నేను చాయ్ పెట్టాను. మా ఇంటికొచ్చిన దలాల్ చాయ్ తాగకుండా మెట్లు దిగిన రోజు లేదు. మా ఆయన కూర్చోమనలేదు. ఫోను ముసలాయన ముఖం ముందు పెట్టాడు.

"ఇగ నువ్వు రాకు కాకా. చూడు, మొత్తంల మేమే ఫస్టున్నం. నడుమ మనిషితోని పనేంది మాకు?"

అని, లేచి వంటింట్లోకి వచ్చి, నా కళ్ళ ముందే స్టవ్ ఆపేశాడు. చాయ్ ఇంకా పొంగు రాలేదు. సిగ్గుతో నా తల కొట్టేసినట్టయింది. కాకా మంచిది కొడకా అని చెప్పులు వేసుకున్నాడు.

పండగల సీజను వచ్చింది. ఫోను మోగింది కూడా. ఒకడు మగ్గం పని ఇప్పించమని అడిగాడు, ఇంకొకడు బీమా తీసుకొమ్మన్నాడు. చీరలు మంచం కింద నిండి, మంచం మీదికెక్కి, మమ్మల్ని నేల మీదికి దింపాయి. కాకా దుకాణదార్లు పక్క గల్లీ సరుకు కొన్నారు. వెబ్‌సైటు కుర్రాణ్ణి నిలదీస్తే, ఆ స్కోరు ఫోన్లో వెతికి చూపించేవాళ్ళు ఇచ్చేది కాదని, బయటి కంపెనీ ఏదో తన అంచనాతో వేసేదని, సైటు ఓనర్లకు అదంటే ఇష్టం కాబట్టి చూపిస్తామని చల్లగా చెప్పాడు. మా ఆయన మాత్రం స్కోరు పోతే పోనీ, మొదటి స్థానం ఉంది కదా అన్నాడు. సాంచాలు ఒక్కొక్కటీ ఇనప సామాను ధరకు పోయాయి. ఇప్పుడాయన సూరత్ పక్కనున్న సచిన్‌లో ఇంకొకరి మగ్గాల మీద కూలీ. అమ్మడానికి మాకు చీర లేదు. అయినా షిఫ్టు నుంచి రాగానే, చెప్పులు విప్పకుండానే, ఇయాళ నొక్కినవా అని అడిగేవాడు. ఒళ్ళు మండినా నొక్కానని చెప్పేదాన్ని, నొక్కేదాన్ని కూడా.

మొన్నామధ్య లేసు కుట్టే పని కోసం సలాబత్‌పురా వెళితే కాకా కనబడ్డాడు. బలవంతంగా కూర్చోబెట్టి చాయ్ తాగించాడు. సాంచాలు పోయాయని చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"గా దినం మీ ఇంటి కింద హోటల్ల కూసోని నా ఫోన్ల చూసిన బిడ్డా. మీరు లేరు. హోటలాయన ఫోన్ల చూసిన, అండ్ల గూడ లేరు. చెప్తామని సగం మెట్లెక్కిన."

"మరి చెప్పకపోతివి కాకా?"

"స్టవ్ బంద్ చేసిన సప్పుడు చెవులల్లనే ఉండె. మల్ల దిగిన."

నోట్లో ఉన్న చాయ్ ఆయన ముఖాన ఊసేయాలనిపించింది. ఆయన తప్పేమీ కనబడకపోవడంతో ఇంకా కోపమొచ్చింది. మేం రోజూ నొక్కేదాన్నే మా ఫోన్లు మాకు ముందు తెచ్చి పెట్టాయి. వీధి వీధంతా కలిసి మమ్మల్ని మాకే చూపించుకున్నాం.

ఆ సాయంత్రం మా ఆయన గడపలో నిలబడి ఎప్పటిలాగే అడిగాడు. కాకా చెప్పింది ఒక్క మాట తగ్గించకుండా చెప్పాను. ఆయన బాధపడాలనే చెప్పాను. ఆయన తన ఫోను తీసి వెతికి, మొదలున్నం గదా అన్నాడు. రేపు సచిన్‌లో ఎవరి ఫోన్లోనైనా చూడమన్నాను.

మర్నాడు ఆయన షిఫ్టు నుంచి వచ్చి, చెప్పులు విప్పి, స్నానం చేసి, తిని పడుకున్నాడు. నొక్కావా అని అడగలేదు. గిన్నెలు కడిగాక అలవాటు కొద్దీ నేనే ఫోను తీసి వెతికాను. మేమే మొదట ఉన్నాం.