ఇత్తడి రేకు పెట్టిన చోటు

ఈ కబురు మొదట మా ఇంటికి తెచ్చింది బందరు నుంచి ఎండుచేపలు తెచ్చి అమ్మే ఆవిడ. శనివారం నేను నీచు ముట్టనని తెలుసు. అయినా శనివారమూ వస్తుంది. బుట్ట అరుగు మీద దింపి, మజ్జిగ తాగి, నాలుగు ఊళ్ళ సంగతులు చెప్పి వెళ్తుంది. ఆ రోజు షెడ్డులో బరకం కప్పిన బండి వైపు చూసి, "బాబుగారు దీన్ని అమ్మేస్తున్నారంట కదమ్మా?" అంది.

"అమ్మటం కాదు, విప్పేస్తారట. ఇంజను ఎవరికో కావాలట. మిగతాది పాత ఇనుముకి. నెలాఖరుకి మనుషులొస్తారు," అన్నాను.

"భుజం లేవకపోతే బండి విప్పేసుకోవాలా? విజయవాడ ఆటోనగర్లో మా అల్లుడి షాపు పక్కన ఒక సాయిబుగారున్నారు. పాత కార్లకి కరెంటు స్టీరింగు పెడతారు. మా అల్లుడు కూర్చోబెడితే నేనే తిప్పా, ఇదిగో, ఈ ఒక్క వేలితో!"

నెత్తళ్ళ వాసన కొట్టే ఆ వేలికి నేను మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

బండి సంగతి చెప్పాలి. మా వారు కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషనులో ఫిట్టరుగా ముప్పై ఏళ్ళు పైనే చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత ముదినేపల్లి దగ్గర మా మరిది చేపల చెరువుల పక్కన ఇల్లు వేసుకున్నాం. ఖాళీగా కూర్చునే మనిషి కాదు. ఫైబరు బాడీ ఒకటి తెప్పించారు. ఛాసిస్ తానే వెల్డింగు చేసుకున్నారు. పాత చిన్న కారు ఇంజను ఎక్కించి, నాలుగేళ్ళలో ఇద్దరు కూర్చునే కారు తయారు చేశారు. రోడ్డెక్కే కాగితాలు దానికి లేవు. చెరువు గట్లే దాని రోడ్లు. పొద్దున్నే మేత బస్తా వెనక వేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పుకొచ్చేవారు. రోజంతా ముక్తసరిగా మాట్లాడే మనిషి ఆ ఒక్క చుట్టులో మాత్రం చెరువు రంగు గురించి, కొంగల గురించి, ఇంజను చప్పుడు గురించి చెప్తూనే ఉండేవారు. నా రోజులో నాకు దొరికే ప్రసాదం అది.

షుగరు వల్ల కుడి భుజం పట్టేసింది. చెయ్యి ఛాతీ దాటి పైకి లేవదు. తగ్గుతుంది కానీ టైము పడుతుందని డాక్టరు గారన్నారు. నొప్పిగా ఉందా అని ఎప్పుడడిగినా "అబ్బే" అనేవారు మా వారు. మా గట్ల మూలలు ఇరుకు, నేల రేగడి, బండికి టైర్లు వెడల్పు. ఒక రోజు మూల మీద స్టీరింగు సగమే తిరిగింది. ముందు చక్రం చెరువు అంచుకి జారి ఆగింది. దిగి నడిచి ఇంటికొచ్చారు. మా మరిది ట్రాక్టరుతో లాగించి బండిని షెడ్డులో పెట్టించాడు. "అన్నయ్యా, ఇంక దీని జోలికెళ్ళకు," అన్నాడు. సాయంత్రం మా వారు దాని మీద బరకం కప్పేశారు. పొద్దుటి చుట్టుతో పాటు మాటలూ ఆగిపోయాయి.

అందుకే చేపలావిడ కబురు చెప్పగానే నేను పట్టుబట్టాను. "చూసొస్తే పోయేదేముందండీ?" అని రెండు రోజులు గొడవ పెడితే, మూడో రోజు నన్నూ తీసుకుని బస్సెక్కారు.

ఆటోనగర్ సాయిబుగారు తెల్ల గడ్డం మనిషి, గోళ్ళ నిండా గ్రీజు. ఏదో చిన్న కారులోంచి తీసిన స్టీరింగు రాడ్డు బల్ల మీద పెట్టారు. దాని నడుముకి బుంగలాగా ఒక మోటారు, పక్కన అరచేతిలో పట్టే పెట్టె.

నాకు ఒకటే అనుమానం. "కరెంటు పోతే ఎట్లాగండీ?"

మా వారు నా వైపు గుడ్లురిమారు. సాయిబుగారు మాత్రం, "మంచి మాట అడిగారమ్మా. పోతే బండి ఆగదు, తిరగకుండానూ పోదు. చక్రాలకీ మీ చేతికీ మధ్య ఇనుము ఎట్లా ఉందో అట్లాగే ఉంటుంది. సాయం ఒక్కటే పోతుంది," అన్నారు.

ఆ సామాను ఇంటికి తెచ్చుకున్నాం. మా వారికి వారం రోజులు ప్రాణం లేచొచ్చింది. ఎడం చేత్తోనే కొలతలు తీసి, పట్టీలు కోసి, పాత రాడ్డు తీసేసి కొత్తది కూర్చోబెట్టడానికి అన్నీ సిద్ధం చేసుకున్నారు. నేను పక్కన స్టూలు మీద కూర్చుని బోల్టులు అందించేదాన్ని, అడగాల్సినవీ అడక్కూడనివీ అడిగేదాన్ని. నేను బడికి వెళ్ళలేదు. మంగళగిరిలో మా నాన్న మగ్గం గుంటలో కూర్చుని నేస్తూ నాకు అక్షరాలు దిద్దించాడు. క్లాసులో నలుగురు నవ్వుతారనే భయం నాకు ఎప్పుడూ తెలియదు కాబట్టి, ప్రశ్న వస్తే అడిగేయడమే అలవాటైంది.

బిగించే ముందు రాడ్డు ఒక చివర బల్లకున్న వైసులో పట్టించి రెండో చివర అటూ ఇటూ కదిపి చూశారు మా వారు. మొహం మాడ్చుకున్నారు.

"లూజుంది. ఇక్కడ తిప్పితే అక్కడ కదలటానికి ముందు కాస్త ఊగుతోంది. వాడేసిన సామాను కదా, అరిగింది."

"మరి ఎట్లా?"

"ఎట్లా ఏముంది, సందు మూసెయ్యాలి. పల్చటి ఇత్తడి రేకు ఉందా ఇంట్లో?"

మా అమ్మ ఇచ్చిన హారతి పళ్ళెం ఒకటి, అంచు చిరిగిపోయి, వాడకుండా దేవుడి అరలో ఉండిపోయింది. దాని అంచు కత్తిరించి ఇచ్చాను. దేవుడి సామాను కదా, బండికి మంచిదే అనుకున్నాను కూడా. ఆయన మూత విప్పి, లోపల పళ్ళ మధ్య రెండు వైపులా రేకు ముక్కలు సుత్తితో మెల్లగా కొట్టి కూర్చోబెట్టారు. మళ్ళీ కదిపి చూశారు. వెంట్రుక వాసి కూడా కదల్లేదు.

"అదీ పనంటే," అన్నారు. చాలా రోజుల తర్వాత ఆ నవ్వు చూశాను.

అంతా బిగించి ఇంజను స్టార్టు చేశారు. స్టీరింగు తిప్పారు. ఎప్పటి బరువే. మోటారు చడీ చప్పుడూ లేదు. ఫ్యూజు చూశారు, బాగుంది. మీటరు పెట్టి చూశారు, పన్నెండు వోల్టులూ వస్తున్నాయి. ఎర్తు వైరు మార్చారు. రెండు రోజులు వైర్లన్నీ విప్పి మళ్ళీ కలిపారు. మా మరిది వచ్చి చూసి, "సాయిబుగారు నీకు చచ్చిన మోటారు అంటగట్టారన్నయ్యా," అన్నాడు. మూడో రోజు పొద్దున నేను లేచేసరికి బండి మీద బరకం.

"నేను విజయవాడ వెళ్ళి అడిగొస్తానండీ," అన్నాను.

"నువ్వేం అడుగుతావు?"

"నాకు తెలియనిదే అడుగుతాను."

ఆయన మంచం మీద అటు తిరిగి పడుకున్నారు. నేను బస్సెక్కాను.

షాపులో సాయిబుగారు తప్ప ఎవరూ లేరు. మోటారు చచ్చిందేమో అని మాత్రం నేను అనలేదు. "భాయ్ గారూ, నాకు అర్థం కాక అడుగుతున్నాను. మనం కుడికి తిప్పుతున్నామో ఎడమకి తిప్పుతున్నామో ఆ మోటారుకి ఎట్లా తెలుస్తుందండీ?" అన్నాను.

సాయిబుగారు పాత రాడ్డు ఇంకొకటి తీసి, కింది చివర వైసులో బిగించి, బ్యాటరీ కలిపారు. "తిప్పండమ్మా."

తిప్పాను. మొదట నా బలమే. వెంటనే చేతి కింద ఇంకెవరిదో చెయ్యి కలిసినట్టు అది తేలికైంది.

"లోపల సన్న కడ్డీ ఉంటుంది," అన్నారాయన. "మీరు తిప్పితే అది ముందు కాస్త మెలి పడుతుంది. ఎటు మెలి పడిందో, ఎంత పడిందో చూసి, మోటారు అంత సాయం చేస్తుంది. మీరు ఎక్కువ కష్టపడితే ఎక్కువ, తక్కువైతే తక్కువ. ఆ కాస్త ఊగటానికే అక్కడ సందు వదులుతారు."

"ఆ సందులో ఏదన్నా పెడితే?" అన్నాను.

"ఇంకేముంది, దాని చెవుల్లో దూది కుక్కినట్టే. మీరు ఎంత కష్టపడ్డా దానికి తెలియదు. అయినా అక్కడ ఎవరు పెడతారమ్మా?"

"మేం పెట్టాం భాయ్ గారూ. ఇత్తడి రేకు. రేకు నేనే ఇచ్చాను."

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "సారు ఏం పని చేసేవారు?"

"థర్మల్లో ఫిట్టరు."

"అయితే పెట్టకపోతేనే ఆశ్చర్యం. టర్బైను దగ్గర బతికిన మనిషి అంత లూజు చూసి ఊరుకుంటారా? మంచి పనివాడు గనకే మూశారు. ముందే చెప్పి పంపాల్సింది నేను. తప్పు నాది." ఫోను తీశారు. "నేను మాట్లాడనా?"

"వద్దండీ, నేనే చెప్తాను," అన్నాను.

బస్సులో గుడివాడ దాకా మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. సందు మూయటమే ఆయన జీవితమంతా చేసిన పని. అదే తప్పని భార్య వచ్చి చెప్పాలి. ఈ దెబ్బకి బండిని ఇంక ముట్టుకోరేమోనని భయం. కూర్చుకున్న మాటలేవీ ఇంటికొచ్చాక పనికి రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

"లూజు స్టీరింగుతో చెరువు గట్టు మీద పొమ్మంటావా?" అని గయ్యిమన్నారు.

"లూజు కాదటండీ. మనం కష్టపడుతున్నట్టు దానికి తెలిసే దారి అదొక్కటేనట. అది మూసేస్తే సాయం చెయ్యటానికి దానికి తెలియదట."

నేను వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడగటం మొదలుపెట్టాను. ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"రాత్రుళ్ళు బాగా సలుపుతోందే," అన్నారు, భుజం పట్టుకుని. ఆ మాట నేను వినటం అదే మొదటిసారి.

ఏమంటే ఏమవుతుందోనని, "వేణ్ణీళ్ళ కాపడం పెడతాను," అన్నాను అంతే.

"తర్వాత పెడుదువుగాని. ముందు రాడ్డు విప్పాలి, వచ్చి పట్టుకో."

రేకు ముక్కలు పట్టకారుతో లాగింది ఆయనే. బిగించటం పూర్తయ్యేసరికి పొద్దు వాలుతోంది. మా మరిది వద్దంటూనే బండి ముందు నడిచాడు, తోడికోడలు గట్టు మీదికి వచ్చింది. "అక్కా, నువ్వు ఎక్కకు, ముందు బావగార్ని తిప్పి చూడనీ," అంది. "మునిగితే ఇద్దరం మునుగుతాంలే," అని ఎక్కాను. లోపల మాత్రం పానకాల స్వామిని తలుచుకుంటూనే ఉన్నాను.

మూల వచ్చింది. ఆయన కుడి చెయ్యి ఒళ్ళోనే ఉంది. ఎడం చేత్తో తిప్పారు. సన్నగా జుయ్యిమని చప్పుడు వినిపించింది. చక్రాలు పూర్తిగా తిరిగాయి. మా మరిది పక్కకి గెంతి, "ఓర్నాయనో, ఇదేంటన్నయ్యా, దానంతటదే తిరుగుతోంది!" అని అరిచాడు.

"దానంతటది కాదురా. నేను తిప్పితేనే," అన్నారు మా వారు. ఆ చుట్టంతా మాట్లాడుతూనే ఉన్నారు. సగం నాకు అర్థం కాలేదు. ఒక్క మాటా వదలకుండా విన్నాను. పాత ఇనుము వాళ్ళకి రావద్దని ఇంటికి రాగానే ఆయనే ఫోను చేసి చెప్పారు.

మర్నాడు సాయిబుగారికి నేను ఫోను చేశాను. సంతోషించారు. మీ మేలు ఎట్లా తీర్చుకోవాలండీ అంటే, "ఏం వద్దమ్మా. నాకు రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరాయి. ఆపరేషను చేస్తామన్నారు. చూపు తేడా వస్తే ఈ చేతులకి పని ఉండదు. దువాలో గుర్తు పెట్టుకోండి, చాలు," అన్నారు.

నా పూజలో ఆయన్ని రోజూ గుర్తు పెట్టుకుంటున్నాను. మీరు ఏ దేవుణ్ణి తలుచుకున్నా, ఎవరినీ తలుచుకోకపోయినా, ఇది చదివాక ఒక్క క్షణం ఆగి ఆటోనగర్లోని ఆ తెల్ల గడ్డం మనిషిని గుర్తు చేసుకోండి. ఆయన చూపు నిలవాలని కోరుకోండి.