లక్క సీలు వేసిన ఫోన్

ఆ శనివారం మా కోర్టు రికార్డు గదిలో ఉన్నవి: ఒక కంప్యూటర్, ఒక స్కానర్, జడ్జిగారి డిజిటల్ సంతకానికి వాడే టోకెన్, ఒక ఇనుప బీరువా, దాని మీద లక్క కడ్డీలు. ఉన్నవాళ్లు: నేను, మా సూపరింటెండెంట్, గుమ్మం బయట బెంచీ మీద కొత్వాల్‌గూడ నుంచి వచ్చిన ఒకామె. తలమీదుగా విమానం దిగినప్పుడల్లా మాట ఆపేవాళ్లం.

ఆమె తండ్రి పొద్దున చనిపోయాడు. ఆయనకు ఒక్కడే కొడుకు. ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో జరిగిన కొట్లాట కేసులో జైల్లో ఉన్నాడు. తలకొరివి పెట్టడానికి జడ్జిగారు ఆదివారం సాయంత్రం వరకు బెయిలు ఇచ్చారు. చీకటి పడేలోగా అతను ఇల్లు చేరాలి.

ఆర్డరును జైలుకు పంపడం నా పని. ఒకప్పుడు కాగితం మోటార్‌సైకిల్ మీద వెళ్లేది. ఎవరో నకిలీ ఆర్డరు పట్టుకెళ్లినప్పటి నుంచి ఆ జైల్లో కాగితం చెల్లదు. ఇప్పుడు స్కాన్ చేసి, సంతకం చేయించి, తాళం వేసిన ఫైలుగా పంపుతాం. దాన్ని తెరవాలంటే జైలు అధికారికి ఇచ్చిన ఆఫీసు ఫోన్‌కు ఓటీపీ రావాలి. పంపిన నేను కూడా ఆ ఫోన్ లేకుండా తెరవలేను. పకడ్బందీ ఏర్పాటు.

పంపాను. చేరినట్టు తెర మీద ఆకుపచ్చ గుర్తు వచ్చింది. తెరిచినట్టు మాత్రం ఎంతకీ రాలేదు. జైలుకు ఫోన్ చేస్తే గుమాస్తా ఎత్తాడు.

"ఫైలు కనవడ్తుంది సార్. ఓటీపీ ఫోన్ బీరువల ఉన్నది."

"తియ్యరాదే అన్నా?"

"స్విచ్చాఫ్ జేసి, కవర్ల పెట్టి, లక్క సీలేసి పోయిండు మా సారు. నిన్ననే బదిలీ అయింది. కొత్తసారు సోమారం వచ్చి చార్జి తీసుకుంటడు. ఆయన ముంగటనే తెరవాలె."

"ఆడ పీనుగ ఎదురుసూస్తుంది అన్నా. జర పగలగొట్టున్రి."

"మీ బీరువల సీలు కవర్లు లేవా? నువ్వు పగలగొడ్తవా?"

ఉన్నాయి. పగలగొట్టను.

సూపరింటెండెంట్ ఫోన్ తీసుకుని అక్కడి ఇన్‌చార్జి అధికారితో చాలాసేపు మాట్లాడారు. అప్పగింత లేకుండా ఆ ఫోన్ ముట్టనన్నాడట. వేరే నంబరు నమోదు చేయాలంటే జిల్లా ఆఫీసు అనుమతి కావాలి. అక్కడ ఎవరూ ఎత్తలేదు. జడ్జిగారికి చెబితే, వెంటనే విడుదల చేయమని ఇంకో ఆర్డరు ఇచ్చారు. అదీ అదే దారిలో పంపాను. రెండో ఆకుపచ్చ గుర్తు వచ్చింది.

ఆమె లేచి గుమ్మంలోకి వచ్చింది.

"పంపినవా అన్నా?"

"పంపిన అక్కా. చేరింది."

"చేరితే ఎందుకు ఇడుస్తలేరు?"

చెప్పాను. ఆమె మా బీరువా వైపు, లక్క కడ్డీల వైపు చూసింది.

"అంటే ఫోను ఆడనే ఉన్నది, ఆర్డరు ఆడనే ఉన్నది, మా తమ్ముడు ఆడనే ఉన్నడు."

"అవునక్కా."

"మరి మా బాపును గూడ ఆడికే తీస్కపొమ్మంటవా?"

సూపరింటెండెంట్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆమె సెల్ మోగింది. అవతలి మాట విని, "వాడు రాడు. పొద్దు గూకుతున్నది, ఇగ పాడె లేపున్రి. కొరివి నేనే పెడ్త. ఎవలేమన్నా అనుకోన్రి," అంది. మా వైపు చూడకుండా మెట్లు దిగింది.

నేను కూర్చుని తెరను చూస్తూనే ఉన్నాను, జైల్లో గదులకు తాళాలు పడే వేళ దాటేదాకా. ఆమే తలకొరివి పెట్టిందని, ఆ ఊరివాడైన మా అటెండర్ తర్వాత చెప్పాడు.

సోమవారం కొత్త అధికారి ఇద్దరు సాక్షుల ముందు సీలు తీశాడు. ఫోన్‌లో చార్జింగ్ లేదు. అది ఎక్కాక ఓటీపీ వచ్చింది, ఫైళ్లు తెరుచుకున్నాయి. బెయిలు గడువు ముందురోజు సాయంత్రమే ముగిసింది కాబట్టి అతన్ని వదల్లేదు.

మధ్యాహ్నానికి సిస్టమ్ నుంచి నివేదిక వచ్చింది. పంపినవారు సరైనవారు. అందుకున్నవారు సరైనవారు. మధ్యలో ఎవరూ తెరవలేదు. రెండు ఫైళ్లు, మొత్తం 431 కేబీ.